కోచ్ పేజీని కింద నుంచి పైకి చదవండి

మీరు రెండు విషయాలు అడిగారు. మీ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆటలో పిచర్, అంటే బంతి వేసే అమ్మాయి. ఒక కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్ దగ్గర్నుంచి వేసవి క్యాంపుకి రమ్మని మెయిల్ వచ్చింది. ఆ కోచ్ పేజీ తెరిస్తే గెలిచిన మ్యాచ్‌లు, కప్పులు, అవార్డులు తప్ప ఇంకేం కనిపించడం లేదు, ఏం చూసి నమ్మాలో తెలియడం లేదు అన్నారు. రెండోది, పాప తనే పెద్దయ్యాక కోచ్‌నవుతానంటోంది, అదసలు ఒక ఉద్యోగమేనా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది అన్నారు. రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది కాబట్టి కలిపి రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేనెవరో చెబితే నా మాట ఎంతవరకు నమ్మాలో మీకు తెలుస్తుంది. నిజామాబాద్‌లో హైస్కూల్లో ఉండగా మా పీఈటీ సార్ దగ్గర సాఫ్ట్‌బాల్ నేర్చుకున్నాను. జట్టు మొత్తానికి ఆరు గ్లౌజులు. ఫీల్డింగ్ అయిపోయి బ్యాటింగ్‌కి వస్తూ గ్లౌజు అక్కడే నేల మీద పెట్టి వస్తే, ఎదుటి జట్టు అమ్మాయి అదే తొడుక్కునేది. పెళ్ళయి మిషిగన్ వచ్చాక ఆ ఊసే మర్చిపోయాను. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు మా పక్క పార్కులో పిల్లల జట్టుకి పెద్దవాళ్ళెవరైనా సాయం కావాలంటే చెయ్యెత్తాను. అలా మొదలై పద్దెనిమిదేళ్ళు ట్రావెల్ బాల్ జట్లకి, అంటే ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే పిల్లల జట్లకి, కోచింగ్ చేశాను. నా దగ్గర ఆడిన పిల్లలు చాలామంది కాలేజీల్లో ఆడారు, మా అమ్మాయి కూడా ఆడింది. ఇద్దరు కోచ్‌లయ్యారు.

ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం. అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ, అందులో పై స్థాయి డివిజన్ వన్. డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్‌లో పదకొండో తరగతి సెప్టెంబర్ 1 వచ్చేదాకా కోచ్ మీ అమ్మాయితో చేరిక గురించి మాట్లాడకూడదు. 2018 నుంచి రూలు అది. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి మాటిచ్చేశాం అనేవాళ్ళు, దాన్ని ఆపడానికే ఈ రూలు పెట్టారు. క్యాంపు పిలుపు మాత్రం ఎవరికైనా పంపవచ్చు. కాబట్టి మీకొచ్చిన మెయిల్ చాలామందికి వెళ్ళే ఉంటుంది. దాంట్లో పాప ఆట గురించి ఒక్క ముక్క లేదని బాధపడకండి, రాయడానికి వాళ్ళకి వీల్లేదు. అలాగని మెయిల్ వచ్చింది కదా, సీటు వచ్చినట్టే అని బంధువులకి చెప్పకండి. క్యాంపుకి మాత్రం వెళ్ళండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక కోచ్ పేజీ. ఇవన్నీ దాదాపు ఒకే పద్ధతిలో రాస్తారు. పైన గెలుపుల లెక్క, మధ్యలో ఆల్ అమెరికన్ అయిన, అంటే దేశంలో మేటిగా ఎంపికైన పిల్లల పేర్లు, అట్టడుగున నాలుగు లైన్లు: ఎక్కడ పుట్టారు, ఏ కాలేజీలో ఆడారు, ఏం చదివారు, మొదటి ఉద్యోగం ఎక్కడ. నేనెప్పుడూ ఆ అట్టడుగు నుంచే మొదలుపెడతాను. పేరూ డబ్బూ లేని రోజుల్లో ఆ మనిషి ఏం చేశారో అక్కడే ఉంటుంది.

మా మిషిగన్ ఆవిడ పేజీనే తీసుకుని చూపిస్తాను. కరోల్ హచిన్స్. ఇక్కడందరూ హచ్ అంటారు. 2022 ఆగస్టులో రిటైరయ్యేనాటికి ఆమె గెలిచిన మ్యాచ్‌లు 1,707. అప్పటిదాకా ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్ చరిత్రలో అన్ని గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. మిషిగన్ యూనివర్సిటీలో 38 సీజన్లు హెడ్ కోచ్‌గా ఉన్నారు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఆ యూనివర్సిటీలో మగవాళ్ళ జట్లు, ఆడవాళ్ళ జట్లు అన్నీ కలిపి చూసినా ఆమె కన్నా ఎక్కువ గెలిచిన కోచ్ లేరు. పేజీ తెరవగానే కనిపించేది ఇదీ. ఇప్పుడు అడుగుకి వెళ్దాం.

1957లో లాన్సింగ్‌లో పుట్టారు. పక్కనే ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదివారు. అక్కడ రెండు ఆటలు, బాస్కెట్‌బాల్, సాఫ్ట్‌బాల్. సాఫ్ట్‌బాల్‌లో షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్. ఆమె మొదటి సంవత్సరంలోనే, 1976లో, ఆ జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. అప్పట్లో ఎన్‌సీఏఏ ఆడవాళ్ళ పోటీలు పెట్టేది కాదు. ఏఐఏడబ్ల్యూ అని ఆడవాళ్ళ ఆటలకి వేరే సంఘం ఉండేది, అదే నడిపేది. ఎన్‌సీఏఏ మొదటి సాఫ్ట్‌బాల్ ఛాంపియన్‌షిప్ 1982లో జరిగింది. అప్పటికి హచ్ ఆడటం మానేసి కోచింగ్‌లోకి వచ్చేశారు.

ఆ కాలేజీ రోజుల్లో జరిగిన ఒక సంగతి ఉంది, నాకు ఆ 1,707 కన్నా అదే పెద్దది. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ చదువుల సంస్థా ఆడా మగా తేడా చూపకూడదని ఆ చట్టం. చట్టం వచ్చి ఆరేడేళ్ళయినా బాస్కెట్‌బాల్ ఆడపిల్లలకి బయటి ఊళ్ళకి వెళ్తే ఇచ్చే భోజనం డబ్బులు మగపిల్లల కన్నా తక్కువ, హోటల్లో ఒక్కో గదిలో ఎక్కువమంది సర్దుకోవాలి. ఆ ఆడపిల్లలు యూనివర్సిటీ మీద కోర్టుకి వెళ్ళారు. ఆ కేసుకి ఉన్న పేరు ఆమెదే: హచిన్స్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్, 1979. సరిగ్గా అదే ఏడాది అదే యూనివర్సిటీ మగవాళ్ళ జట్టు మ్యాజిక్ జాన్సన్‌తో జాతీయ టైటిల్ గెలిచింది, ఊరంతా వాళ్ళ వెనకే ఉంది. అలాంటి సమయంలో ఇరవై దాటిన అమ్మాయి తను చదివే యూనివర్సిటీని కోర్టుకి లాగడమంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడ తన జట్టుకి మైదానం కోసం, లాకర్ గదుల కోసం, ఆడవాళ్ళకే కోచ్ ఉద్యోగాలివ్వాలని గట్టిగా మాట్లాడారంటే ఆ మాట ఎక్కడ మొదలైందో ఆ ఒక్క లైన్లో ఉంది.

ఆడవాళ్ళకి ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. మీ అమ్మాయి కోచ్‌నవుతానంటోంది కదా, ఇది మీకు తెలియాలి. 1972లో అమెరికా కాలేజీల్లో ఆడవాళ్ళ జట్లకి కోచ్‌లుగా 90 శాతానికి పైగా ఆడవాళ్ళే ఉండేవాళ్ళు. 2014 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. టైటిల్ నైన్ వచ్చాక ఆ ఉద్యోగాలకి జీతాలు వచ్చాయి, జీతాలు రాగానే మగవాళ్ళు వచ్చారు. చట్టం వల్ల ఆడే పిల్లలకి జరిగినంత మేలు కోచ్‌లకి జరగలేదు. హచ్ తన అసిస్టెంట్లుగా ఆడవాళ్ళని, అందులోనూ తన దగ్గర ఆడినవాళ్ళని పెట్టుకోవడం వెనక ఉన్నది ఇదే.

మళ్ళీ పేజీకి వద్దాం. 1979లో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిగ్రీ. తర్వాత ఇండియానా యూనివర్సిటీలో మాస్టర్స్, చదువుకుంటూనే అక్కడి జట్టుకి అసిస్టెంట్. 1982లో ఫెర్రిస్ స్టేట్‌లో ఒక్క సీజన్ హెడ్ కోచ్. మరుసటి ఏడాది మిషిగన్‌కి వచ్చారు, మళ్ళీ అసిస్టెంట్‌గా. హెడ్ కోచ్‌గా పనిచేసిన మనిషి ఒక మెట్టు దిగి వచ్చారు, గమనించండి. రెండేళ్ళు అలా పనిచేశాక 1985లో జట్టు ఆమె చేతికొచ్చింది.

ఇక్కడ లెక్క వేసుకోండి. ఆమె చేతికొచ్చాక మిషిగన్ జట్టు మొదటిసారి ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి, అంటే జాతీయ టైటిల్ తేలే చివరి పోటీకి, వెళ్ళింది 1995లో. పదేళ్ళు పట్టింది. జాతీయ టైటిల్ గెలిచింది 2005లో. ఇంకో పదేళ్ళు. కాలిఫోర్నియాలో, అరిజోనాలో పిల్లలు జనవరి నుంచే ఎండలో ఆడతారు. మాకు మార్చిలో కూడా మంచు కురుస్తుంది. ఉత్తరాది జట్లు ఫిబ్రవరి అంతా, మార్చి సగం దాకా విమానాలెక్కి ఫ్లోరిడాకీ కాలిఫోర్నియాకీ తిరుగుతూ వేరేవాళ్ళ మైదానాల్లో ఆడాల్సిందే. అందుకే 2005 వరకు మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఏ జట్టూ ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్ టైటిల్ గెలవలేదు. గెలిచిన మొదటి జట్టు హచ్‌దే.

ఆ ఫైనల్ నాకు నిన్న మొన్న చూసినట్టు ఉంది. ఫైనల్ మూడు మ్యాచ్‌ల సిరీస్‌గా పెట్టడం ఆ ఏడాదే మొదలు. ఎదురుగా ఉన్నది యూసీఎల్ఏ, అప్పటికి సాఫ్ట్‌బాల్‌కి పుట్టిల్లు లాంటి జట్టు. మొదటి మ్యాచ్ ఓడిపోయారు, రెండోది గెలిచారు. మూడోది ఏడు ఇన్నింగ్స్‌లో తేలలేదు, పదో ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది, పప్పన్నం చల్లారిపోయి గట్టిపడింది, ముద్ద నోట్లో పెట్టలేదు. సమంతా ఫిండ్లే అని మొదటి సంవత్సరం అమ్మాయి మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టింది. 4–1. మా అమ్మాయి కంచం పక్కన పెట్టేసి హాల్లో చుట్టూ పరిగెత్తి, సోఫా బేస్ అనుకుని దాన్ని తాకి వచ్చింది. ఆ రోజునుంచి ఆ పిల్లకి వేరే ఆట లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇరవై ఏళ్ళు ఆగిన కోచ్‌ని ఇరవై ఏళ్ళు ఆగనిచ్చిన యూనివర్సిటీ కూడా ఉంది చూడండి. ఆమె వెళ్ళిపోయాక జట్టు పగ్గాలు అందుకున్నది బోనీ థోల్. ఆవిడ మిషిగన్‌లోనే హచ్ దగ్గర ఆడి, దాదాపు మూడు దశాబ్దాలు ఆమె పక్కనే అసిస్టెంట్‌గా ఉన్నారు. కోచ్ పేజీలో నేను వెతికే రెండో విషయం ఇదే: పక్కనున్నవాళ్ళు ఎంతకాలంగా ఉన్నారు? అసిస్టెంట్లు ఏడాదికొకరు మారిపోతుంటే, హెడ్ కోచ్ ఎన్ని కప్పులు గెలిచినా ఒకసారి ఆగి ఆలోచించాలి.

అన్ని కథలూ ఇలాగే ఉండవు. ఓక్లహోమా కోచ్ ప్యాటీ గాసో 2000, 2013, 2016, 2017లో, తర్వాత 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్ళు, మొత్తం ఎనిమిది టైటిళ్ళు గెలిచారు. 2023లో ఆ జట్టు 61 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది. ఆవిడ పేజీ అడుగున ఏముంటుందంటే, కాలిఫోర్నియాలో ఎల్ కమీనో అనే జూనియర్ కాలేజీలో, తర్వాత లాంగ్ బీచ్ స్టేట్‌లో ఆడారని, 1990 నుంచి 1994 దాకా లాంగ్ బీచ్ సిటీ కాలేజీకి కోచ్‌గా ఉన్నారని. అంటే రెండేళ్ళ చదువుల కమ్యూనిటీ కాలేజీ. ఓక్లహోమా వచ్చిన కొత్తలో ఆ యూనివర్సిటీ జట్టుకి సొంత మైదానం లేదు, నార్మన్ ఊళ్ళో రీవ్స్ పార్క్ అనే మామూలు పార్కులో ఆడేవాళ్ళు. 1998లో సొంత మైదానం వచ్చింది. 2024లో నాలుగు వేల మందికి పైగా కూర్చునే కొత్త స్టేడియం తెరిచారు. ఆవిడ ఇవాళ్టి జీతం ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటింది. ఆ అంకె చూసి ఈ వృత్తికి ఎవరూ రాకూడదు, కానీ పార్కు నుంచి అక్కడిదాకా వచ్చిన దారి మాత్రం చూడాలి.

మరి పెద్ద క్రీడాకారిణి కాకపోతే కోచ్ కాకూడదా? 2021లో రిటైరైన అరిజోనా కోచ్ మైక్ కాండ్రియా ఆడింది బేస్‌బాల్, గాయాలతో అది ఆగిపోయింది. సెంట్రల్ అరిజోనా అనే జూనియర్ కాలేజీలో సాఫ్ట్‌బాల్ కోచింగ్ మొదలుపెట్టి, 1986లో అరిజోనాకి వెళ్ళి ఎనిమిది జాతీయ టైటిళ్ళు గెలిచారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న అమెరికా జట్టు తొమ్మిది మ్యాచ్‌ల్లో 51 పరుగులు చేసి ఒక్క పరుగే ఇచ్చింది. ఆ ఆటలకి కొద్ది వారాల ముందే ఆయన భార్య చనిపోయారు. ఆయన జట్టుతో వెళ్ళారు, బంగారు పతకంతో తిరిగొచ్చారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా నేను నేర్చుకున్నది తప్పు చేశాకే. మా అమ్మాయికి మొదట సీటొచ్చిన కాలేజీ కోచ్ పేజీలో పైభాగం మెరిసిపోతోంది. గెలుపుల శాతం చూసి నేను మురిసిపోయాను. అడుగున తొమ్మిదేళ్ళలో నాలుగు కాలేజీలు ఉన్నాయి. చదివాను. చదివి కూడా ఎదిగే మనిషి కదా, మారతారు అనుకున్నాను. మా అమ్మాయి చేరిన మొదటి సీజన్ అయిపోయిన జూలైలో ఆ కోచ్ ఇంకో చోటికి వెళ్ళిపోయారు. పిల్లలకి తెలిసింది ఫోన్లో వచ్చిన మెసేజ్‌తో. ఆ సాయంత్రం మా అమ్మాయి గరాజ్‌లో నెట్ ముందు నిలబడి ఒక్కటే రకం బంతి, వేగం తగ్గించి వేసే చేంజప్, గంటసేపు వేసింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి వెళ్ళే ధైర్యం రాలేదు. కొత్త కోచ్ తన పిచర్లని తను తెచ్చుకున్నారు. రెండో ఏడాది మొత్తానికి మా అమ్మాయి వేసింది పదకొండు ఇన్నింగ్స్.

తర్వాత ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీకి మారింది. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకి వచ్చే సాయమే. మేం మొదటిసారి చూడ్డానికి వెళ్ళింది మార్చి నెలాఖరు. రాత్రంతా వాన. ఇన్‌ఫీల్డ్‌లో సెకండ్ బేస్ చుట్టూ నీళ్ళు నిలిచాయి. బకెట్ పక్కన పెట్టుకుని, పెద్ద స్పాంజి నీళ్ళలో అద్ది, బకెట్లో పిండుతూ ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. మైదానం మనిషి అనుకుని హెడ్ కోచ్ ఎక్కడ అని అడిగాను. ఆవిడే హెడ్ కోచ్. చేతులు తుడుచుకుని, నాతో కాకుండా మా అమ్మాయితో మాట్లాడారు: నీ రైజ్ బాల్ ఎప్పుడు పైకి లేవదు, అలిసిపోయినప్పుడా, కోపం వచ్చినప్పుడా? మా అమ్మాయి కాసేపాగి, కోపం వచ్చినప్పుడు అంది. అంతే, ఆ పిల్ల అక్కడే ఉండిపోతానంది. ఇంటికొచ్చి ఆవిడ పేజీ చదివాను. అదే కాలేజీలో పదిహేడేళ్ళు. గెలుపులు ఓటములు దాదాపు సమానం. ఆమె దగ్గర ఆడినవాళ్ళలో ఇప్పుడు ఎవరెవరు ఏ స్కూల్లో కోచ్‌లుగా ఉన్నారో పేరు పేరునా రాసుకున్నారు.

అందుకే మీకు ఒక పని చెబుతాను, ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో పాత సంవత్సరాల రోస్టర్లు, అంటే జట్టు పేర్ల పట్టికలు, ఉంటాయి. నాలుగేళ్ళవి తీసి పక్కపక్కన పెట్టుకోండి. నాలుగేళ్ళ కిందట మొదటి సంవత్సరంలో చేరినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వాళ్ళలో ఎంతమంది చివరి సంవత్సరం దాకా ఉన్నారో టిక్ పెట్టండి. ఏడుగురు చేరి ఐదుగురు మిగిలితే మంచి చోటు. ఏడుగురు చేరి ఒక్కరు మిగిలితే, మిగతా ఆరుగురి ఇళ్ళల్లో ఏం జరిగిందో మీరు ఊహించుకోవచ్చు. ఇప్పుడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఎక్కడైనా కొంతమంది కదులుతారు, అది మామూలే. 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కి వెళ్ళిన పిచర్ నిజారీ కెనడీకి ఏడాదికి 10 లక్షల డాలర్ల పైన ఒప్పందం కుదిరింది. అలాంటివాళ్ళు వెళ్ళడం వేరు. మామూలు పిల్లలు, బెంచీ మీద కూర్చున్న పిల్లలు కూడా ఉండిపోతున్నారా అన్నది చూడండి.

ఇంకో లెక్క కూడా మారింది. ఇదివరకు డివిజన్ వన్ జట్టుకి మొత్తం 12 స్కాలర్‌షిప్పులు, వాటినే ముక్కలు చేసి ఇరవై మందికి పంచేవాళ్ళు. 2025–26 నుంచి, ఎన్‌సీఏఏ మీద వేసిన కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో ఆ పరిమితి పోయి, జట్టులో 25 మందికి మించకూడదని పెట్టారు. వాళ్ళలో ఎంతమందికి ఎంత ఇస్తారన్నది ఆ యూనివర్సిటీ ఇష్టం. కాబట్టి డబ్బు సంగతి కోచ్‌ని నేరుగా అడగండి, మొహమాటపడకండి. మనవాళ్ళు చదువు గురించి గంట అడుగుతారు, డబ్బు దగ్గరికి వచ్చేసరికి నసుగుతారు.

మీ అమ్మాయి పిచర్ కాబట్టి తప్పకుండా అడగాల్సింది ఇంకొకటి ఉంది. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచర్ ఇన్ని బంతులే వేయాలని పరిమితి లేదు. కింద నుంచి వేసేది కాబట్టి భుజానికేం కాదనే మాట మీరు వింటారు, నమ్మకండి. నా జట్లలోనే భుజం నొప్పితో, మోచేతి నొప్పితో ఆగిపోయిన పిల్లలున్నారు. ఒక వారాంతంలో ఒక్కో పిచర్ ఎన్ని ఇన్నింగ్స్ వేసిందో మ్యాచ్ స్కోరు పట్టికల్లో ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాలు మూడింటిలోనూ ఒకే పేరు కనిపిస్తుంటే ఆ కోచ్‌ని ఆ మాటే అడగండి. మంచి కోచ్ చిన్నబుచ్చుకోరు, ఎందుకలా చేయాల్సి వచ్చిందో చెబుతారు.

ఇక రెండో ప్రశ్న, ఇది ఉద్యోగమేనా అని. ఉద్యోగమే. ఎన్‌సీఏఏ మూడు డివిజన్లూ కలిపి సుమారు 1,000 సాఫ్ట్‌బాల్ జట్లున్నాయి, జూనియర్ కాలేజీలు, హైస్కూళ్ళు వేరే. ఫలానా డిగ్రీ ఉండాలనేం లేదు. కైనీసియాలజీ, అంటే శరీర కదలికల శాస్త్రం, చదివినవాళ్ళున్నారు, సైకాలజీ, లెక్కలు చదివినవాళ్ళున్నారు. ఎక్కువమంది ఎక్కే మొదటి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: మాస్టర్స్ ఫీజు మాఫీ, చేతి ఖర్చుకి కొంచెం డబ్బు, బదులుగా జట్టు పని. హచ్ మాస్టర్స్ చదువుతూ ఇండియానాలో చేసింది కూడా ఆ రకం పనే. ఇదివరకు డివిజన్ వన్‌లో వాలంటీర్ అసిస్టెంట్ అనే పోస్టు ఉండేది, జీతం సున్నా. ఎంతోమంది ఆడపిల్లలు పగలు ఆ పని, రాత్రి పిల్లలకి ప్రైవేటు పాఠాలు చెప్పి బతికారు. 2023 జూలై నుంచి ఆ పోస్టు తీసేసి, జీతమివ్వగలిగే అసిస్టెంట్ పోస్టుగా మార్చారు. మీ అమ్మాయి అదృష్టవంతురాలు, ఆ రోజులు అయిపోయాక వస్తోంది.

నా దగ్గర ఆడిన ఒకమ్మాయి ఇప్పుడు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉంది. ఫిబ్రవరిలో ఒక రోజు ఎలా గడుస్తుందో అడిగితే చెప్పింది. తెల్లవారుజామున ఐదున్నరకి బస్సు. దానికన్నా ముందే ఇరవై మూడు మందికి టిఫిన్ ఆర్డరు, అందులో ఇద్దరికి వేరుశనగ పడదు. మ్యాచ్‌కి ముందు గంటసేపు ఫంగో అనే సాధన బ్యాటుతో ఫీల్డర్లకి గ్రౌండర్లు, అంటే నేల మీద దొర్లే బంతులు, కొట్టడం, అరచేతిలో బొబ్బలు. మ్యాచ్ అవుతుండగా ఎదుటి పిచర్ వేసే ప్రతి బంతీ రాసుకోవడం. రాత్రి హోటల్లో యూనిఫాంలు ఉతికే మిషన్ దగ్గర కూర్చుని, లాప్‌టాప్‌లో మర్నాటి జట్టు వీడియో ముక్కలు కత్తిరించడం. పన్నెండున్నరకి నిద్ర. మధ్యలో ఎప్పుడో ఒక మొదటి సంవత్సరం పిల్ల వచ్చి అమ్మ గుర్తొస్తోందని ఏడిస్తే ఓదార్చడం. ఇదంతా చెప్పి చివర్లో, ఆంటీ, ఆ పిల్ల మర్నాడు రెండు హిట్లు కొట్టింది అని ఫోన్లో గట్టిగా అరిచింది. పాపకి ఈ రోజు గురించి చదివి వినిపించండి. వినగానే మొహం వెలిగితే ఆ పిల్ల కోచ్ అవుతుంది, మీరు ఆపినా ఆగదు.

చదువు గురించి బెంగపడకండి. డివిజన్ వన్‌లో సీజన్లో వారానికి 20 గంటలకి మించి ఆట పని చేయించకూడదని ఎన్‌సీఏఏ రూలు. ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు, అది నిజమే. కానీ మా అమ్మాయి బస్సులోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి పాసయింది. జట్టు మొత్తం జీపీఏ, అంటే మార్కుల సగటు, ఎంతో అడగండి, మంచి కోచ్‌కి అది నోటిమీదే ఉంటుంది.

ఇప్పుడు క్యాంపుకి ఎందుకు వెళ్ళమన్నానో చెబుతాను. మీ అమ్మాయి ఆట చూపించుకోవడానికి కాదు. మీరు ఆ కోచ్‌ని చూడటానికి. పిచర్లు సాధన చేసే బుల్‌పెన్ పక్కన కాకుండా ఫస్ట్ బేస్ వెనక చెట్టు నీడలో కుర్చీ వేసుకోండి. ఏ పిల్లో వరసగా మూడు బంతులు నేలకేసి కొడుతుంది. అప్పుడు హెడ్ కోచ్ ఎక్కడున్నారో, ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్ళారా, దూరం నుంచే అరిచారా, అసలు చూశారా లేదా అన్నది గమనించండి. మధ్యాహ్నం అసిస్టెంట్లతో ఎలా మాట్లాడుతున్నారో వినండి. పిల్లలు వెళ్ళిపోయాక బంతులు ఎవరు ఏరుతున్నారో చూసి మరీ బయల్దేరండి.

పదకొండో తరగతి సెప్టెంబర్ 1 పొద్దున ఫోన్ మోగితే పాపనే ఎత్తనివ్వండి. మీరూ, వాళ్ళ నాన్నగారూ పక్క గదిలో ఉండండి. స్పీకర్ పెట్టమనొద్దు. మాట్లాడటం అయ్యాక తనే వచ్చి చెబుతుంది. కోచ్ ఏమన్నారని కాకుండా, నువ్వేం అడిగావని అడగండి. ఆ మాటలు నాకు రాసి పంపితే ఆ కోచ్ పేజీ మనిద్దరం కలిసి మళ్ళీ చదువుదాం.